‘నేడు రొక్కం – రేపు అరువు’: టీకా తాత్పర్య సహితం

మూలం: నేడు రొక్కం – రేపు అరువు.

అవతారిక: కిరాణా కొట్లలోనూ టీ దుకాణాలలోనూ గల్లాపెట్టెకు పైన, దేవుడి పటానికి కాస్త కింద వేలాడే ఈ సూత్రానికి కర్త ఎవరో తెలియదు. తెలంగాణలో ‘అరువు’కు మారుగా ‘ఉద్దెర’ అనే పాఠాంతరం ఉన్నది గాని, దానివల్ల అర్థంలోనూ వసూలులోనూ భేదమేమీ కలగదు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చి వ్యాఖ్యానానికి దిగిన కోలాచల మల్లినాథ సూరి ప్రతిజ్ఞలో రెండవ సగానికి ఈ వ్యాఖ్య పూచీ పడదు.

ప్రతిపదార్థం: నేడు = బోర్డు చదువుచున్న దినమున; రొక్కం = చేతిలో పడిన డబ్బు, ఉపలక్షణంగా స్కానరు ద్వారా పంపగా సౌండు బాక్సు పైకి పలికిన మొత్తం (ఫోనులో చూపించే స్క్రీన్‌షాటు రొక్కం కాదని నవీనుల మతం); రేపు = ఎన్నడు చదివినా దాని మరునాడు; అరువు = సరుకు ముందు, సొమ్ము తరువాత అనే ఒడంబడిక.

అన్వయం: మూలంలో క్రియ లేదు. ‘ఇవ్వబడును’ అని అధ్యాహారం చేసుకోవాలి. అధ్యాహారమంటే మూలంలో కనబడని మాటను అర్థం కుదరడానికి బయటినుంచి తెచ్చుకోవడం. క్రియను కర్త బుద్ధిపూర్వకంగానే విడిచాడని ఊహించాలి, ఏలయన రాతలో దొరికిన వాగ్దానాన్ని మర్నాడు పొద్దున్నే గుర్తుచేయడానికి బోణీ బేరంకంటే ముందు వచ్చి నిలబడే కొనుగోలుదారులు లేకపోలేదు.

విశేషార్థం: ‘అరువు లేదు’ అని తెగగొట్టి చెప్పక ‘రేపు’ అనడంలో స్వారస్యమేమనగా, లేదన్నప్పుడు అడిగినవాడి మొహం చిన్నబోతుంది, రేపన్నప్పుడు అతడే నవ్వుతాడు, పైగా ఆ మాట అన్నది అట్టముక్కయే గాని వర్తకుడు కాడు గనుక ఇద్దరి మధ్యా మాట పట్టింపు రాదు.

ఇక్కడ పూర్వపక్షం, అనగా ఎదుటివాడి ఆక్షేపం: అరువు లేనిచోట, అదే బోర్డు కింద ఖాతా పుస్తకం ఎందుకున్నది? సమాధానం: బోర్డు ఉత్సర్గం, ఖాతా అపవాదం. ఉత్సర్గమంటే అందరికీ చెందే సామాన్య నియమం, అపవాదమంటే కొందరి విషయంలో దానిని తోసిపుచ్చే ప్రత్యేక నియమం. వాడుకగా వచ్చే ఇంటికి పద్దు రాయకపోతే ఆ ఇల్లు పక్క కొట్టుకు పోతుంది గనుక, తాపీమేస్త్రికి శనివారం కూలీ అందేదాకా, ఉద్యోగికి ఒకటో తారీఖు దాకా, రైతుకు పంట డబ్బు చేతికి వచ్చేదాకా సరుకు ఇవ్వక తప్పదు. ఈ మూడు గడువులలోనూ వర్తకుడు తన అవసరాన్ని కాక బాకీదారు చేతిలో డబ్బు ఆడే రోజును లెక్కవేసినాడనేది గమనించదగినది. మనిషి మంచివాడా కాడా అన్న విచారణకంటే ఈ లెక్కే వసూలుకు బలమైన ఆధారం. అట్టి రోజు ఏదీ పలకకుండా ‘రేపు సర్దుతాను’ అనేవాడు బోర్డులోని మూడవ పదాన్ని మాత్రమే కంఠస్థం చేసినవాడు.

చిన్న పరిశ్రమ పెద్ద కంపెనీకి సరుకు పోసేచోట సూత్రం తలకిందులవుతుంది; అక్కడ రేపు అనే హక్కు కొన్నవాడిదే. ఆ ‘రేపు’కు శాసనకర్తలు సంఖ్య కట్టారు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, రాతపూర్వకమైన గడువు ఉన్నా అది సరుకు అంగీకరించిన నాటినుంచి 45 రోజులు మించరాదు. గడువు రాసుకోకపోతే 15 రోజులే. మీరినచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల వంతున నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. సరుకు అందిన 15 రోజులలోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన నాడే అంగీకరించినట్లు లెక్క గనుక, బిల్లు అడిగినప్పుడు మాత్రమే సరుకులో లోపం కనిపించే దివ్యదృష్టికి చట్టంలో చోటు లేదు. సూక్ష్మ, చిన్న సంస్థల బాకీని గడువు దాటాక తీర్చితే, ఆ ఖర్చును చెల్లించిన ఏడాదిలోనే ఆదాయపు పన్ను లెక్కలో చూపాలని 2023 ఫైనాన్స్ చట్టం మరొక మెలిక వేసింది.

మళ్ళీ ఆక్షేపం: ఇంత పదునైన చట్టముండగా బాకీలు ఎందుకు నిలుస్తున్నాయి? ఫిర్యాదు చేసినవాడు మరుసటి ఆర్డరు కోసం మళ్ళీ ఆ కంపెనీ గేటు దగ్గరికే పోవలసి ఉన్నందున. ఇక కొని అమ్ముకునే చిల్లర, టోకు వర్తకులకు 2021లో ‘ఉద్యమ్’ అనే చిన్న సంస్థల నమోదుకు వీలు కల్పించినా, ప్రయోజనాన్ని బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాలకే పరిమితం చేసినందున, బోర్డు కట్టుకున్న కొట్టుకు బోర్డే శరణ్యం.

తాత్పర్యం: అరువుకు తారీఖు, తారీఖుకు రాత, రాతకు సంతకం కావాలి. సంతకం అనే పదానికి ఇంకొంత వ్యాఖ్య అవసరం. గడువు పెట్టకుండా ఇచ్చిన సరుకు తాలూకు సొమ్ముకు, ఇచ్చిన నాటినుంచి మూడేళ్ళు దాటితే 1963 కాలపరిమితి చట్టం కింద కాలదోషం పడుతుంది. కాలదోషమంటే బాకీ బాకీగానే మిగిలినా కోర్టులో దావాకు నిలవకపోవడం. ఆ మూడేళ్ళలోగా బాకీదారు రాతపూర్వకంగా ఒప్పుకొని సంతకం చేస్తే లెక్క మళ్ళీ మొదటినుంచి నడుస్తుంది గనుక, “ఇప్పుడేమీ ఇవ్వక్కర్లేదండీ, ఎంతైందో చూసి ఇక్కడో సంతకం పెట్టండి చాలు” అనే వర్తకుడి మర్యాదను వట్టి మర్యాదగా అన్వయించరాదు.