కంట్రోలరుగారి కేకు

సికింద్రాబాద్‌లో రైల్వేవాళ్లు రిటైరయ్యాక మూడు దారులు పడతారు. కొందరు గుడి కమిటీలో చేరతారు. కొందరు అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శులై నీళ్ల ట్యాంకర్ల లెక్కలు రాస్తారు. మిగిలినవాళ్లు ఓవెన్ కొంటారు. ఈ మూడోరకం 2020 లాక్‌డౌన్‌లో ఇంటింటా కేకుల పిచ్చి మొదలైన దగ్గర్నుంచీ బాగా ప్రబలింది. మెట్టుగూడ, చిలకలగూడ, తార్నాక, మారేడుపల్లి... సాయంత్రం నాలుగింటికి ఎక్కడ మెట్లమీద వెనీలా వాసన కొడితే, అక్కడ పైవాటాలో ఒక పెన్షనరు ఉన్నాడని లెక్క.

మా పైవాటా ఆయన ఈ జాతికి నిలువెత్తు నమూనా. సంచాలన్ భవన్‌లో సెక్షన్ కంట్రోలరుగా చేసి రిటైరయ్యారు. మేం బాబాయిగారంటాం, కాలనీ పిల్లలు కేకు తాతయ్య అంటారు. కంట్రోలరంటే మాటలు కాదు. బల్లమీద చార్టు పరుచుకుని, ఏ బండి ఏ స్టేషన్లో ఎన్నింటికుందో పెన్సిలుతో గీతలు గీస్తూ, దేన్ని లూపులో పెట్టాలో దేనికి దారివ్వాలో చెప్పే మనిషి. ఆయన నోటిమాటకి గూడ్సు బళ్లు గంటలకొద్దీ ఆగాయి. ఇంటికొచ్చి చూస్తే పాలవాడు కూడా ఆగడు. ఈ దిగులు కనిపెట్టి కొడుకు ఓవెన్ కొనిపెట్టాడు.

"చాలా ఈజీ అమ్మా," అంటారాయన, ఎవరు దొరికితే వాళ్లతో. "మైదా, చక్కెర, వెన్న, గుడ్లు. నాలుగూ సమానం. తలా ఒక పౌండు వేస్తే పౌండు కేకు. ఇందులో బ్రహ్మవిద్య ఏముందీ?"

నిజమే, ఆయనకి ఈజీయే. కేకు చేసే రోజు ఇంట్లో అందరికీ డ్యూటీ పడుతుంది. పిన్నిగారు గుడ్లూ వెన్నా ముందుగానే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టాలి. మనవడు మైదాలో బేకింగ్ పౌడరు కలిపి మూడుసార్లు జల్లించాలి. కోడలు లాప్‌టాప్ మూసేసి వచ్చి, డబ్బాకి వెన్న రాసి, పిండి చల్లి, అడుగున కాగితం పరవాలి. కొడుకు కరెంటు ఆఫీసుకి ఫోన్ చేసి, ఈ గంటలో లైను మీద పనేమైనా పెట్టుకున్నారా అని కనుక్కోవాలి. బాబాయిగారు హాల్లో కూర్చుని గడియారం చూస్తారు. అందరూ అలిసిపోయి సోఫాలో కూలబడ్డాక ఆయన లేచి, డబ్బా ఓవెన్లో పెట్టి, తలుపు వేసి, మనకేసి తిరిగి, "చూశారా, ఎంత ఈజీయో!" అంటారు.

ఇక ఆ క్షణం నుంచీ బండి సెక్షన్లో ఉన్నట్టు. పాతిక నిమిషాలదాకా తలుపు ముట్టుకోరాదని ఉత్తర్వు. ఆ ఉత్తర్వు వెనక శాస్త్రం ఉంది. మొదట్లో పిండి లోపల బుడగలు లేస్తుంటాయి గానీ, వాటిని పట్టి నిలబెట్టే గుడ్డూ మైదా ఇంకా గట్టిపడవు. అప్పుడు తలుపు తీస్తే వేడి బయటికి పోయి కేకు నడుమ కూలిపోతుంది. పిన్నిగారికి మాత్రం పొయ్యి మీదున్న దాన్ని మూత తీసి చూడకుండా వదిలేసిన అలవాటు లేదు. కాబట్టి ఏడాదికి నాలుగైదు కేకులైనా నడుమ కూలుతూనే ఉంటాయి.

కూలిన ప్రతి కేకుకీ ఎంక్వయిరీ ఉంటుంది. పొడుగాటి రిజిస్టరు ఒకటి పెట్టారు. తేదీ, కేకు రకం, బయల్దేరిన టైము, చేరిన టైము, ఆలస్యం, కారణం, బాధ్యులు. ఇవీ గడులు. నేను స్వయంగా చదివినవి కొన్ని: "నడుమ కూలినది. కారణం: తలుపు తీయుట. బాధ్యులు: మిసెస్." "పొంగలేదు. కారణం: బేకింగ్ పౌడరు గడువు తీరుట. వేడినీళ్లలో వేసి చూడగా నురగ రాలేదు. బాధ్యులు: కిరాణా." "పైన మాడి లోపల పచ్చి. బాధ్యులు: ఓవెన్ కంపెనీ." అన్ని పేజీల్లోనూ ఆయన పేరు ఒక్కచోటా లేదు.

ఆ ఓవెన్ మీద అనుమానం ఆయన్ని రాణిగంజ్ దాకా నడిపించింది. "నాబు 180 అంటే నేను నమ్మాలా? స్టేషనుమాస్టరు బండి వచ్చేసిందంటే నమ్మేవాణ్ణా?" అంటూ వెళ్లి, ఫ్యాక్టరీల్లో కొలిమిల వేడి కొలిచే మీటరు, పొడుగాటి తీగతో సహా కొన్నారు. కొట్టువాడు "ఏం ఫ్యాక్టరీ సార్ మీది?" అనడిగితే "ఇంట్లోనే" అన్నారట. వాడు ఇంకేమీ అడగలేదు. తీగ ఓవెన్లో పెట్టి చూస్తే నాబు 180 దగ్గరుండగా మీటరు 160 దాటలేదు. ఆ సాయంత్రం బాబాయిగారి ముఖం చూడాలి! మెట్లు దిగి ఇంటింటికీ వచ్చి చెప్పారు, "ఇరవై డిగ్రీలు లేటమ్మా, ఇరవై డిగ్రీలు!" అని.

ఈ కేకు పిచ్చి రిటైరయ్యాక పుట్టింది కాదు. 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ కంటోన్మెంటు ఊళ్లో తెల్లవాళ్ల పటాలాలతోపాటు రొట్టె బట్టీలూ దిగాయి. 1874లో వాడి నుంచి రైలొచ్చింది. రైలుతోపాటు లాలాగూడ, మెట్టుగూడ క్వార్టర్లలోకి ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు వచ్చారు. బాబాయిగారి నాన్నగారిది లాలాగూడ వర్క్‌షాపు. క్రిస్మస్‌కి పక్క క్వార్టరు గోడ మీదుగా ప్లమ్ కేకు పళ్లెం వచ్చేది. ఖాళీ పళ్లెం తిప్పి పంపకూడదు కనుక వాళ్లమ్మగారు దాన్ని అట్టేపెట్టి, సంక్రాంతికి అరిసెలు పెట్టి అదే గోడ మీదుగా పంపేవారు. అందుకే ఆయన దృష్టిలో కేకు ఇంగ్లీషువాళ్ల వంట కాదు, రైల్వేవాళ్ల వంట.

వేసవి సెలవుల్లో అయితే బేకరీకే ప్రయాణం. మైదా, చక్కెర, డాల్డా ఇంటినుంచే పట్టుకెళ్లి, బట్టీ దగ్గర వంతు కోసం కూర్చుని, బిస్కెట్లు కాల్పించి డాల్డా డబ్బాలో నింపుకొచ్చేవారు. సగం డబ్బా ఇల్లు చేరకముందే తేలికయ్యేది. ఇప్పుడు వేసవికి మనవలు దిగగానే ఆ కథ చెప్పి, వాళ్లచేత అర డజను ట్రేల బిస్కెట్లు చేయిస్తారు. పిల్లలకి కథ నచ్చుతుంది, బిస్కెట్లు నచ్చుతాయి, గిన్నెలు కడగడం నచ్చదు. ఆ డ్యూటీ రోస్టరులో ఎవరి పేరుంటుందో చెప్పక్కర్లేదు.

అసలు చిక్కు నవంబరులో వస్తుంది. అల్లుడుగారు ఏటా అయ్యప్ప మాల వేసుకుంటారు. 41 రోజుల దీక్ష. ప్లమ్ కేకు సీజనూ సరిగ్గా అప్పుడే. ఒకరికి గుడ్డు పనికిరాదు, రమ్ము మాట వినపడరాదు. ఇంకొకరికి రమ్ములో నానని కిస్‌మిస్ కిస్‌మిసే కాదు. బాబాయిగారు డబుల్ లైను వేశారు. ఒక సీసాలో పళ్లు రమ్ములో నానతాయి, మరో సీసాలో నారింజ రసంలో. ఒకదానికి 'అప్', రెండోదానికి 'డౌన్' అని చీటీలు. అప్ కేకు డిసెంబరు మొదటివారంలో అయిపోవాలి. తర్వాత ఓవెన్ లోపలా బయటా కడిగి, పసుపునీళ్లు చల్లి, కొత్త డబ్బాలో డౌన్ కేకు. రెండూ ఒకేసారి పెడితే కరెంటు కలిసొస్తుంది కదా అంటే కళ్లెర్రజేశారు. "ఒక బ్లాకులో ఒకే బండి. ఆ మాత్రం తెలీదూ?"

గుడ్డు లేని కేకు కూడా ఈజీయేనట. పుల్లపెరుగులో వంటసోడా పడగానే బుసబుసమని గ్యాసు పుడుతుంది, పిండిని లేపే పని అది చూసుకుంటుంది. ఈ సందర్భంలో ఆయన ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఇంగ్లండు మందుల షాపాయన కథ తప్పక చెబుతారు. ఆయన భార్యకి గుడ్డు పడదు, గుడ్డు లేని కస్టర్డు పొడి చేశాడు. ఈస్టు కూడా పడదు, 1843లో బేకింగ్ పౌడరు కనిపెట్టాడు. "ఆవిడకి పడనివి ఇంకో రెండుంటే మనకి ఇంకెన్ని వచ్చేవో!" అని బాబాయిగారు ముగిస్తారు. "నాకు ఈ ఓవెన్ పడదని ఎన్నాళ్లనుంచో చెబుతున్నాను, ఏం కనిపెట్టారూ?" అని పిన్నిగారు అందుకుంటారు.

సంక్రాంతి ప్రయాణానికీ కేకుకీ ఆయన ముడిపెట్టేశారు. ఇదివరకు రిజర్వేషన్లు 120 రోజుల ముందు తెరిచేవారు. 2024 నవంబరు 1 నుంచి దాన్ని 60 రోజులకి కుదించారు. పండక్కి టిక్కెట్లు తీయాల్సిన రోజూ, పళ్లు నానబోయాల్సిన రోజూ ఒక్కటే అయిందని బాబాయిగారు పొంగిపోయారు. ఆ రోజు పొద్దున్న ఎనిమిది గంటలకి కొడుకు కంప్యూటరు ముందు, ఆయన జాడీ ముందు. టిక్కెట్లు వెయిటింగ్ లిస్టులో పడ్డా పళ్లు మాత్రం కన్‌ఫర్మే.

సామర్లకోటలో వియ్యంకులున్నారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సీట్లు దొరికాయంటే మూడు కేకులు తయారవుతాయి. ఒకటి బండికి, ఒకటి వియ్యాలవారికి, ఒకటి స్పేరు. ఘట్‌కేసర్ దాటకుండానే మొదటి డబ్బా మూత లేస్తుంది. ఎదురుసీటు పెద్దావిడ ముక్క చేతిలోకి తీసుకుని, వాసన చూసి, "గుడ్డు వేశారా బాబూ?" అంటుంది. "డౌన్ కేకండీ, నిరభ్యంతరంగా తినొచ్చు," అంటారీయన. ఆవిడకి అర్థం కాదు గానీ తింటుంది. బదులుగా పులిహోర పొట్లం విప్పుతుంది. భువనగిరి వచ్చేసరికి పక్క బే నుంచి జంతికలు చేరతాయి. జనగామ దాటాక టిక్కెట్లు చూడ్డానికి వచ్చినాయన కూడా, వద్దు వద్దంటూనే, ఒక ముక్క జేబురుమాల్లో చుట్టుకుంటాడు. కాజీపేటకి మొదటిది ఖాళీ, ఖమ్మానికి స్పేరు ఖాళీ. బెజవాడ నుంచి పిన్నిగారు మూడో డబ్బాని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. సామర్లకోటలో దిగి, అది మూత తీయకుండా వియ్యపురాలి చేతికిచ్చినప్పుడే ఆవిడ ప్రయాణం పూర్తయినట్టు.

అమెరికా ప్రయాణం వేరే పురాణం. డాలస్‌లో కూతురు. ఒక్కో పెట్టెకి 23 కిలోలు. అందరూ ఆవకాయ జాడీలు తూచుకుంటుంటే ఈయన రెండు కిలోల ప్లమ్ కేకు తూచారు. "కేకుల దేశానికి కేకు మోసుకెళ్లడం, కాకినాడకి కాజా పట్టుకెళ్లినట్టుంటుంది," అని పిన్నిగారు ఎంత చెప్పినా వినలేదు. అక్కడ కూతురి వంటింట్లో బీరువా అంత ఓవెన్ చూసి ఆయనకి కళ్లు చెమర్చాయట. తలుపు తీశారు. లోపల మూకుడు, దోసెల పెనం, అప్పడాల మూకుడు, అయిదు లీటర్ల కుక్కరు, మూతలు. కొన్న నాటినుంచీ అందులో గిన్నెలే ఉంటున్నాయి. వాటినన్నిటినీ బయటికి దించి, ఆయన పిండి కలిపి, 180కి తిప్పి, పెట్టి, అలవాటు ప్రకారం గడియారం ముందు కూర్చున్నారు.

నలభై నిమిషాలకి పుల్ల గుచ్చారు. పచ్చిపిండి. గంటకి గుచ్చారు. పచ్చిపిండి. గంటన్నరకి పుల్ల దానంతటదే మునిగిపోయింది. పిన్నిగారు సోఫాలోంచే "నేను తలుపు ముట్టుకోలేదండోయ్, అందరూ సాక్ష్యం," అన్నారు. చివరికి రెండో తరగతి మనవరాలు వచ్చి ఓవెన్ మీద అంకె పక్కనున్న అక్షరం చూపించి, "తాతా, ఇది ఫారెన్‌హీట్," అంది. 180 ఫారెన్‌హీట్ అంటే మన లెక్కలో 82. మనకి కావలసిన వేడికి అక్కడ 350 పెట్టాలి. రిజిస్టరు ఆయన చేతిసంచిలోనే ఉంది. ఆ రాత్రే రాశారు: "బండి కదలలేదు. కారణం: కొలతల తేడా. బాధ్యులు: అమెరికా ప్రభుత్వం."

ఇదంతా పిన్నిగారి దగ్గర నవ్వుతూ ఎత్తితే, ఆవిడ బియ్యం ఏరుతూ ఏరుతూ అన్నారు: "ఆయన సర్వీసులో పండగలన్నీ మేం చేసుకున్నాం, ఆయన డ్యూటీ చేశారు. దసరా వచ్చినా సంక్రాంతి వచ్చినా స్పెషల్ బళ్లు వేస్తారు. ఊరంతా సొంతూళ్లకి పోతుంటే కంట్రోల్లో సెలవెవరిస్తారు? మా పెద్దాడి మొదటి భోగిపళ్లప్పుడు కూడా ఫోన్లోనే ఉన్నారు, ఎక్కడో గూడ్సు ఆగిపోయిందని. ఇప్పుడు అందరం ఇంట్లో ఉంటే ఆయనకి చేతులూ కాళ్లూ ఆడవు. ఏదో ఒక బండి నడవాలి. నడవనీ."

సికింద్రాబాద్‌లో రిటైర్డు ఓవెన్లు ఎందుకింత ఎక్కువో నాకప్పుడు తెలిసింది. పండగపూట ఊరికే కూర్చోవడం ఒక విద్య. జీతం ఇచ్చి మరీ దాన్ని మరిపించిన ఉద్యోగాలు కొన్నున్నాయి.

అయితే పిన్నిగారు జాలిపడి ఊరుకునే మనిషి కాదు. మొన్న సంక్రాంతికి ముందు, "కేకు ఈజీ అంటారుగా, అరిసెల పాకం పట్టండి చూద్దాం," అన్నారు. బాబాయిగారు రాణిగంజ్ మీటరుతో సహా రంగంలోకి దిగారు.

"ఎన్ని డిగ్రీలు?"

"డిగ్రీల్లేవు. నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి."

"ఉండ ఎన్ని డిగ్రీలకి కడుతుంది?"

"అది కట్టాక తెలుస్తుంది."

ఆయన తీగ పాకంలో ముంచి, అంకె నిలకడగా నిలిచేదాకా రాసుకోకూడదన్న నియమంతో చూస్తూ కూర్చున్నారు. అంకె నిలవలేదు, పాకం ముదిరిపోయింది. తడిపిండి పక్కన ఎదురుచూస్తూనే ఉంది. ఎలాగో ఒత్తి, వేయించిన అరిసెలు పళ్లు గట్టిగా ఉన్న మనవడికి కూడా లొంగలేదు. రిజిస్టరు తెరిచారు. "కారణం: చూస్తూ కూర్చొనుట" అని రాశారు. బాధ్యుల గడి దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. బెల్లం కొట్టువాడి పేరు రాస్తారనుకున్నాం. "సెక్షన్ కంట్రోలర్" అని రాసి, సంతకం పెట్టి, పిన్నిగారికి చూపించారు.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, రిజిస్టరు మడిచి తన పోపులపెట్టె పక్కన పెట్టేసుకున్నారు. "రేపు మళ్లీ పాకం డ్యూటీ మీకే. పొద్దున్న ఆరింటికల్లా రావాలి. ఇకనుంచి లేట్లు నేను రాస్తాను."