ఆస్కారుకో కుల ధ్రువీకరణ పత్రం

మా మేడమీద వాటాలో ఒక రిటైర్డ్ తహశీల్దారు గారు ఉంటారు. సర్వీసులో ఆయన సంతకం పెట్టిన కుల ధ్రువీకరణ పత్రాలన్నీ వరసగా పరిస్తే మా వీధి చివర రామాలయం దాకా వస్తాయని వాళ్లావిడ అంటుంటారు. రిటైరయ్యాక మనిషికి ఏదో ఒక వ్యాపకం కావాలి కదా. కొందరికి పూజలు, కొందరికి షేర్లు, ఈయనకు ఫారాలు. ఎక్కడ ఏ ఫారం కనబడినా వదలరు. గ్యాస్ కనెక్షన్ కాగితం వెనక చీమతలకాయంత అక్షరాలు కూడా భూతద్దం పెట్టి చదువుతారు.

మొన్న అమెరికా నుంచి వచ్చిన మనవడు ఆస్కార్ నిబంధనలు ఫోన్లో చూపించాడట. ప్రింటు తీయించుకుని, ఎర్ర పెన్నుతో గీతలు కొట్టుకుని, కాగితాల కట్టతో కిందికి దిగొచ్చారు.

"ఏమోయ్, వీళ్లకి రోస్టర్ పెట్టడం చేతకాదోయ్" అన్నారు కూర్చుంటూనే.

ఆ కాగితాల సంగతి ముందు చెప్పాలి. ఆస్కార్లు ఇచ్చే అకాడమీ 2020 సెప్టెంబరులో ఒక ప్రకటన చేసింది. 2024 వేడుక నుంచి ఉత్తమ చిత్రం పోటీలో నిలబడే సినిమాలు ప్రాతినిధ్య ప్రమాణాలు అందుకోవాలంది. ఏ, బీ, సీ, డీ అని నాలుగు. ఏ అంటే తెర మీది మనుషులు, కథ. బీ అంటే తెర వెనక శాఖల పెద్దలు, సిబ్బంది. సీ అంటే స్టూడియోలో జీతమిచ్చి పని నేర్పించే కుర్రకారు. డీ అంటే పబ్లిసిటీ, మార్కెటింగ్, పంపిణీ చూసే పెద్ద అధికారులు. ఇన్నాళ్లూ చోటు దక్కనివాళ్ల జాబితాలో స్త్రీలు, తెల్లవాళ్లు కాని జాతులు, ఎల్జీబీటీక్యూ వర్గం, వికలాంగులు, వినికిడి లేనివాళ్లు ఉన్నారు. వీళ్లకు చోటిచ్చామని నాలుగింట్లో రెండింటి కింద చూపిస్తే చాలు.

"నాలుగింట రెండంటే యాభై శాతం. మన పదో తరగతికి ముప్ఫై అయిదే కదా. ఆ లెక్కన వీళ్లు కఠినులే అనుకున్నా" అన్నారాయన. "తర్వాత ప్రశ్నపత్రం చూశా."

ప్రశ్నపత్రం నిజంగానే చూడదగ్గది. బీ ప్రమాణం నెగ్గడానికి ఉన్న దారుల్లో ఒకటి, శాఖల పెద్దల్లో ఇద్దరు ఆ జాబితాలోని వాళ్లు కావడం. ఇద్దరిలో ఒకరు తెల్లజాతి కానివాళ్లయి ఉండాలి. శాఖలంటే దర్శకుడు, ఛాయాగ్రాహకుడు మాత్రమేనా? కాదు. దుస్తులు, మేకప్, జుట్టు, నటుల ఎంపిక కూడా శాఖలే. హాలీవుడ్‌లో ఈ పనులు ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. అంటే సగం మార్కులు తొలి ఆటనాడే వచ్చేసినట్టు.

అదీ కష్టమనుకుంటే సీ, డీ ఉన్నాయి. స్టూడియోలో శిక్షణ కుర్రాళ్లను పెట్టుకున్నామని రాయాలి. మార్కెటింగులో పెద్ద కుర్చీల్లో కూర్చున్న ఆడవాళ్లనీ నల్లవాళ్లనీ లెక్క చూపాలి. ఇక తెర మీద మొదటి ప్రపంచయుద్ధపు కందకంలో మూడు గంటలపాటు బురద కొట్టుకున్న తెల్లమగాళ్లు తప్ప మరో ముఖం కనబడకపోయినా సినిమా పాసు. పోస్టర్లు అంటించే శాఖలో వైవిధ్యం ఉంది కదా!

"మరి విచారణ ఎవరు చేస్తారు?" ఇది తహశీల్దారు గారి అసలు ప్రశ్న. "నా దగ్గరికి దరఖాస్తు వస్తే వీఆర్వో ఊరికెళ్లి ఇరుగుపొరుగు వాంగ్మూలాలు రాసుకొచ్చేవాడు. ఆర్‌ఐ సంతకం పెట్టేవాడు. ఆ తర్వాతే నేను. ఇక్కడేమో నిర్మాత తనే రాసి ఆన్‌లైన్లో పంపేస్తాడు. అదీ గోప్యమట. మరి నువ్వు ఫలానా జాతివాడివని చెప్పేదెవరోయ్? అద్దమా?"

ఇంత సుళువైన కాగితం మీద జరిగిన రభస చూస్తే కోటలు కూలాయనుకోవాలి. ఒక పక్షం యుగం మారిందని దండోరా వేసింది. రెండో పక్షం కళ చచ్చిపోయిందని పాడె కట్టింది. 1978లో ఉత్తమ నటుడి ఆస్కార్ అందుకున్న రిచర్డ్ డ్రైఫస్ 2023లో ఒక టీవీ కార్యక్రమంలో ఈ నిబంధనలు చూస్తే వాంతికొస్తోందన్నాడు. అక్కడితో ఆగక, 1965లో లారెన్స్ ఒలివియే ఒంటికి నల్లరంగు పూసుకుని ఒథెల్లో వేసిన రోజుల్ని కూడా ముచ్చటగా తలుచుకున్నాడు. నిబంధన అమల్లోకి వచ్చిన మొదటి ఏడాది, 2024 మార్చిలో, ఉత్తమ చిత్రం ఏది? ఓపెన్‌హైమర్. అణుబాంబు చేసిన తెల్లవాడి కథ. ఏ గడిలో టిక్కు పెట్టారో మనకు తెలియదు, కాగితం గోప్యం కదా. మొత్తం ఏడు ఆస్కార్లు ఇంటికి పట్టుకెళ్లింది. కళా చావలేదు, యుగమూ మారలేదు. పాడె కట్టినవాళ్లు చప్పుడు చేయకుండా విప్పుకున్నారు.

అయితే ఈ ఫారం ఊరికే పుట్టలేదు. పాత చరిత్ర తిరగేస్తే నవ్వాగిపోతుంది. 1940 ఫిబ్రవరిలో హాటీ మెక్‌డానియెల్ ఆస్కార్ గెలిచింది, ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి నటి ఆమె. వేడుక జరిగింది లాస్ ఏంజెలెస్ అంబాసిడర్ హోటల్లో. నల్లవాళ్లను రానివ్వని హోటలది. నిర్మాత బతిమాలితే లోపలికి వదిలారు గానీ, తన సినిమావాళ్ల మధ్య కాదు, దూరంగా గోడవార ఒక చిన్న బల్ల వేశారు. బల్ల దగ్గర్నుంచి లేచి, నడిచి, బహుమతి తీసుకుని, మళ్లీ అదే బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఆమె తర్వాత నటనకు ఆస్కార్ అందుకున్న రెండో నల్లజాతి స్త్రీ హూపీ గోల్డ్‌బర్గ్. అది 1991లో. మధ్యలో యాభై ఒక్క ఏళ్లు.

మెక్‌డానియెల్ గెలుపుకు మూడేళ్ల ముందు సినిమా ది గుడ్ ఎర్త్ ఇంకో ముచ్చట. చైనా రైతు కథ. రైతు వేషం తెల్లనటుడికిచ్చారు. తెల్లనటుడి పక్కన చైనా సంతతి నటిని భార్యగా చూపడానికి ఆనాటి సెన్సారు కట్టుబాట్లు ఒప్పుకోవు. అందుకని చైనా వేషాలకు హాలీవుడ్‌లో పేరు మోసిన అన్నా మే వాంగ్‌ను పక్కనపెట్టి, జర్మనీలో పుట్టిన లూయిస్ రైనర్‌కు ఆ వేషం కట్టబెట్టారు. ఆమెకు ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది. కళకు హద్దుల్లేవని వాదించేవాళ్లు ఈ మాట కూడా చెబితే బాగుంటుంది. హద్దులు లేకపోవడం ఒక్కవైపుకే. తరవాత 2015లో, 2016లో వరసగా రెండేళ్లు నటనకు ఎంపికైన ఇరవై మందీ తెల్లవాళ్లే అయ్యేసరికి ఏప్రిల్ రెయిన్ అనే ఆవిడ ట్విట్టర్లో మొదలుపెట్టిన హ్యాష్‌ట్యాగ్ అకాడమీ మెడకు చుట్టుకుంది. మెడ నొప్పికి రాసుకున్న అమృతాంజనమే ఈ ఫారం.

తహశీల్దారు గారు రెండో కాగితం తీశారు. అమెజాన్ స్టూడియోస్ 2021లో విడుదల చేసిన నియమావళి. పాత్ర ఏ జాతిదో, ఏ దేశానిదో, ఏ లింగానిదో, నటులూ ఆ గుర్తింపువాళ్లే అయ్యేలా చూస్తామని అందులో రాశారు.

"మాయాబజార్ తీస్తున్నాడనుకో" అన్నారు. "ఘటోత్కచుడి వేషం ఎవరికిస్తావు?"

"ఎస్వీ రంగారావుకే."

"ఎలా ఇస్తావు? ఘటోత్కచుడు రాక్షసుడు. రంగారావు కాదు. పోనీ రాక్షస కుల పత్రం తెమ్మందామంటే ఇంకో చిక్కుంది. వాళ్లమ్మ హిడింబి రాక్షసి. నాన్న భీముడు క్షత్రియుడు. కులాంతరం. మన రూల్సులో సాధారణంగా తండ్రి కులమే రాస్తాం. అంటే ఘటోత్కచుడు ఓసీ! అడవిలో తల్లి దగ్గరే పెరిగాడు, అటు ఆచారాలే పాటించాడు అని అఫిడవిట్ పెట్టుకుంటే, అప్పుడు విచారణ చేసి..."

ఆయన కళ్లలో పాత వెలుగొచ్చింది. ఆపడానికి కాఫీ తెప్పించాల్సి వచ్చింది.

మనవాళ్లకు ఇది మరీ నవ్వుగా ఉంటుంది. స్థానం నరసింహారావు రంగస్థలం మీద, వేదాంతం సత్యనారాయణ శర్మ కూచిపూడిలో సత్యభామ వేస్తే ఆడవాళ్లు ఆ జడ తిప్పడం చూసి నేర్చుకున్నారని చెప్పుకుంటాం. గర్వంగానే చెప్పుకుంటాం. ఆ రోజుల్లో ఆ వేదిక ఎక్కనివ్వని సత్యభామలు ఎంతమందో మాత్రం ఎవరూ లెక్క రాయలేదు. అలాంటి లెక్కకు ఫారం ఉండదు.

"ఇదే ఫారం మన ఫిల్మ్ చాంబర్ పెడితే?" అన్నాన్నేను.

ఆయన వెంటనే పెన్ను మూత తీశారు. ఇద్దరం కలిసి నింపాం. సినిమా పేరు: ఏదైనా పరవాలేదు. హీరో: వారసుడు, కాబట్టి వివరాలు అనవసరం. హీరోయిన్: ముంబై. గొంతు: హైదరాబాద్ డబ్బింగ్ థియేటర్లో వేరే అమ్మాయిది. పెదాల కదలిక: ఒకటి, రెండు, మూడు, నాలుగు. విలన్: ఉత్తరాది, ఆరడుగులు. విలన్ గొంతు: మనదే. రౌడీమూక యాస: తెలంగాణ. వాచ్‌మన్ యాస: శ్రీకాకుళం. హీరో యాస: ఏ జిల్లాదీ కాదు, సినిమా జిల్లా. చిన్నచూపుకు గురైన వర్గం గడి దగ్గర కొంచెం ఆగాం. చివరికి 'తెలుగు మాట్లాడే తెలుగు అమ్మాయి' అని రాశాం. ఆ గడిలో టిక్కు పడలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఈ మధ్య గాలి కొంత మళ్లింది. 2017లో ఫిదా హీరోయిన్ చేత నిండు తెలంగాణ యాస మాట్లాడించింది. ఆ అమ్మాయి సాయి పల్లవి తమిళనాడు పిల్ల, సొంతగొంతుతో చెప్పింది. 2023లో బలగం పల్లె యాసనూ చావు ఇంటినీ తెర నిండా పెట్టింది. ఏ ఫారమూ అడగలేదు, థియేటర్లో జనం ఏడ్చారంతే. పుష్పలో హీరో చిత్తూరు మాట మాట్లాడాడు. ఒంటికి మాత్రం నల్లరంగు పూయాల్సి వచ్చింది. అంత నలుపున్న హీరో మన దగ్గర స్టాకు లేదు.

రంగు సంగతి ఇలా ఉంటే, గుర్తింపు రాజకీయాలు మనకు అమెరికా నుంచి దిగుమతి చేసుకోవాల్సిన అవసరం అసలే లేదు. 2021 అక్టోబరులో మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ ఎన్నికలు గుర్తున్నాయా? ప్రకాష్‌రాజ్ లోకలా, నాన్‌లోకలా? కొన్ని వందల ఓట్ల సంఘం ఎన్నికను టీవీలు శాసనసభ ఎన్నికలా చూపించాయి. దశాబ్దాలుగా తెలుగు తెర మీద ఆడపిల్ల తండ్రిగా ఏడ్చినవాడు, ఊరి పెద్దగా తీర్పులు చెప్పినవాడు, మన ఇళ్లలో పెళ్లిళ్లు కుదిర్చినవాడు, అధ్యక్షుడి కుర్చీ దగ్గరికొచ్చేసరికి బెంగళూరు వాడైపోయాడు. తెలుగు తండ్రిగా పనికొచ్చాడు గానీ తెలుగు అధ్యక్షుడిగా పనికిరాలేదు. ఓడిపోయాడు. ఆ వాదన గట్టిగా చేసినవాళ్లే మర్నాడు షూటింగులో పొరుగు రాష్ట్రం హీరోయిన్ పక్కన అన్నగా, బాబాయిగా వేషాలు వేసుకున్నారు.

"సరే, ఆస్కార్‌లో మనవాళ్లకు ఏం వాటా పడింది?" అని అడిగారు తహశీల్దారు గారు.

2023 మార్చి వేడుక చెప్పాను. ఆర్ఆర్ఆర్‌లో నాటు నాటు పాట సందర్భం అందరికీ తెలిసిందే. దొరల పార్టీలో ఒక తెల్లకుర్రాడు మన హీరో భీమ్‌ని పట్టుకుని నీకు టాంగో వచ్చా, ఫ్లమెంకో వచ్చా అని వెక్కిరిస్తాడు. దానికి జవాబే ఆ చిందు. అంతే కథ. గోధుమరంగు వాళ్లకు డాన్సు రాదన్న మాట మీద పుట్టిన పాట. ఆ పాటను ఆస్కార్ వేదిక మీద ఆడించారు. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడారు. ముందు వరసలో ప్యాంటు పట్టీలు లాగుతూ ఆడిన ఇద్దరు మగాళ్లూ మన ఉపఖండం వాళ్లు కారు. మధ్యలో మెరిసిన అమ్మాయి హిందీ సినిమాల్లో డాన్సులు చేసి పేరు తెచ్చుకున్న అమెరికన్, లారెన్ గాట్లీబ్. అమెరికాలో ఉన్న దేశీ డాన్సర్లు మేం కనబడలేదా అని గోల చేశారు. వైవిధ్యానికి ఏ నుంచి డీ దాకా గడులు గీసిన అకాడమీ సొంత వేదిక అది. అదే రాత్రి దీపికా పదుకోణె ఇది తెలుగు పాటని చక్కగా పరిచయం చేసింది. వ్యాఖ్యాత జిమ్మీ కిమ్మెల్ మాత్రం బాలీవుడ్ అన్నాడు. మాది బాలీవుడ్ కాదు బాబూ, తెలుగు సినిమా అని రాజమౌళి రెండు నెలల ముందే అమెరికాలో నిలబడి చెప్పాడు. వినికిడి లోపం కూడా ఆ ఫారంలో ఉన్న వర్గమే లెండి.

ఇంట్లోనూ అంతే. ఆ ఏడాది మన దేశం అధికారికంగా పంపింది గుజరాతీ సినిమా ఛెల్లో షోను. ఆర్ఆర్ఆర్ తన దారి తను చూసుకుని వెళ్లింది.

తహశీల్దారు గారు అంతా విని, ఎర్ర పెన్ను తీసి, కాగితాలు మళ్లీ ఒకసారి తిప్పారు. "ఉత్తమ పాటకు ఏ గడి నింపాలోయ్? కనబడటం లేదు."

ఉండదు. ఆ ప్రమాణాలు ఒక్క ఉత్తమ చిత్రానికే. కీరవాణి, చంద్రబోస్ ఆస్కార్ తెచ్చిన విభాగానికి అప్పుడూ ఫారం లేదు, ఇప్పుడూ లేదు.