సరిసంఖ్యకు ఐదుగురు సాక్షులు

సోమవారం లాప్‌టాప్ తెరిచేసరికి అప్‌డేట్ల బాట్ గారి అర్జీలు బారులు తీరి ఉంటాయి. ఈ లైబ్రరీని 4.2.1 నుంచి 4.2.2కి పెంచండి, ఆ లైబ్రరీని 17 నుంచి 18కి ఎక్కించండి. చివరి అంకె మారితే చిన్న రిపేరు, మొదటి అంకె మారితే మన కోడ్ విరగొచ్చు అని శాస్త్రం. ఏ అంకె మారినా విరిగేది మా బిల్డే. పోనీ వదిలేద్దామంటే సెక్యూరిటీ వాళ్ల మెయిలు, ఎర్రక్షరాల్లో. పెంచుదామంటే మేనేజరు గారు "ఇందులో కస్టమర్‌కి కనిపించేదేముంది?" అంటారు. ఏమీ లేదండీ. ఏమీ కనిపించకుండా ఉండటానికే ఈ పాట్లన్నీ.

అసలు మనం కోరి తెచ్చుకున్న లైబ్రరీలు పాతికే. వాటి వెంట వచ్చినవి వందలు. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే ఎన్‌పీఎంలో ఈజ్-ఈవెన్ అని ఒకటి ఉంది. ఇచ్చింది సరిసంఖ్యో కాదో చెప్పడమే దాని ఉద్యోగం. అదైనా సొంతంగా చేస్తుందా? ఈజ్-ఆడ్‌ని పిలిచి "బేసా?" అని అడుగుతుంది, కాదంటే సరి అని తేలుస్తుంది. ఈజ్-ఆడ్ మరీ జాగ్రత్త మనిషి, అసలది సంఖ్యేనా అని ఈజ్-నంబర్ దగ్గర వాకబు చేస్తుంది. ఈజ్-నంబర్ (పాత వెర్షన్ లెండి) కైండ్-ఆఫ్‌ని అడుగుతుంది. కైండ్-ఆఫ్ వెళ్లి ఈజ్-బఫర్ తలుపు కొడుతుంది. గుప్పిట్లో చింతపిక్కలు పట్టుకుని సరా బేసా ఆడినవాళ్లం మనం! రెండుతో భాగించి శేషం చూడటానికి ఐదు ప్యాకేజీలు, ఐదు లైసెన్సు ఫైళ్లు. రేపు ఈజ్-బఫర్‌లో ఏదో లొసుగు బయటపడిందంటే, నాలుగు సరిసంఖ్యేనని నిర్ధారించుకోవడానికి శుక్రవారం రాత్రి డిప్లాయ్‌మెంట్ కాల్‌లో కూర్చోవాలి.

అలాగని మొండికేయలేం. 2021 డిసెంబరులో జావా లాగింగ్ లైబ్రరీ లాగ్‌ఫోర్‌జెలో లొసుగు బయటపడినప్పుడు 2.15, 2.16, 2.17, 2.17.1 అన్నీ ఆ నెలలోనే వచ్చాయి. జావా వాళ్లు ప్రతిసారీ ఇదే ఆఖరనుకుంటూ ఎక్కించారు.

పోనీ కళ్లు మూసుకుని ఎక్కిద్దామా అంటే, 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ కొత్త వెర్షన్లలోనే దొంగదారి దొరికింది. లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీశాడు కాబట్టి సరిపోయింది. ఎక్స్‌జెడ్‌ను ఏళ్ల తరబడి చూసుకున్నది లస్సే కొలిన్, దాదాపు ఒక్కడే. కొత్త వెర్షన్ ఇంకెప్పుడు, ఇంకెప్పుడు అని 2022లో కొందరు వెంటపడితే, ఇది జీతం లేని హాబీ ప్రాజెక్టని గుర్తుచేశాడు. ఆ తర్వాత సాయానికి తోడున్నవాడే దొంగదారి పెట్టాడు.

ఆ వెంటపడిన మెయిళ్లు చదివాను. మా మేనేజరు గారి ధోరణే. కాకపోతే నాకు ఒకటో తారీఖున జీతం పడుతుంది.