చూసి నేర్చిన ముక్క

ఏమోయ్ అబ్బాయ్, ఫోన్లో అరగంటకే రమ్మీ వచ్చేసిందా నీకు? మా రోజుల్లో ఆ అరగంటలో పేక మా చేతికే ఇచ్చేవారు కాదు. పెళ్లి విడిదింట్లో, చాప మీద బాసింపట్టు వేసుక్కూర్చున్న పెదనాన్నల వెనక చేరి, అడిగినప్పుడు మంచినీళ్లు అందిస్తూ నోరు మూసుకుని చూడ్డమే మా చదువు. "ఆఠీన్ రాణి ఎందుకు పారేశావు?" అన్నామా, లేచి పొమ్మనేవారు. చూడగా చూడగా తెలిసేది, పదమూడు ముక్కల్లో ముందు జోకరు తగలని వరస ఒకటి పడాలని. అది పడలేదా, మిగతావి ఎంత అందంగా కుదిరినా 80 దాకా కౌంటు నెత్తిన పడుతుంది. చేతిలో ఏమీ లేనప్పుడు 101 ఆటలో మొదట్లోనే 20 ఇచ్చేసి డ్రాపవడం కూడా ఆటేనని ఒంటబట్టడానికి ఎన్ని పెళ్లిళ్లు పట్టేవో!

ఇప్పుడు ముక్కలు పేర్చేది ఫోనే, పారేసినవి చూపించేదీ ఫోనేనట. మరి నువ్వు నేర్చుకున్నదేమిటి నాయనా? ఎదుటివాడు ఇస్పేటు ఏడు ఎత్తుకున్నాడంటే ఆరూ ఎనిమిదీ మనం వదలకూడదని బుర్రలో పెట్టుకోవడమే కదా ఆట! సికింద్రాబాదులోని ఓ క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. పడ్డ ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడేదని, మూడు ముక్కలాట మాత్రం వట్టి అదృష్టమని తేల్చింది. ఆ గుర్తుపెట్టుకునే పనే ఫోను నీ దగ్గర్నుంచి లాక్కుంది.

ఇక పందెం సంగతంటావా, మా రోజుల్లో పిల్లలకి చింతపిక్కలే. అవి అయిపోతే లేచి అన్నానికి వెళ్లడమే. పేకాటలో పొలాలు కరగదీసినవాళ్లు మా కాలంలోనూ ఉన్నారు, అది దాచను. కానీ వాళ్లని లేవదీయడానికి పెళ్లామో తమ్ముడో వీధరుగు దాకా వచ్చి కేకలేసేవారు. దుప్పటి కింద ఫోన్లో ఆడేవాడు ఎవరి కంట పడతాడు? తెలంగాణ 2017లో, ఆంధ్రా 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని ఆపాయంటే, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చిందంటే ఊరికే కాదు.

ఆదివారం మా ఇంటికి రా. రెండు కట్టలూ నా దగ్గరున్నాయి, కలపడం కూడా నేర్పుతాను. చింతపిక్కలు మాత్రం మీ నానమ్మనడిగి నువ్వే తెచ్చుకో.