అల్లుడి విస్తరి పక్కన అట్టముక్క

గోదావరి జిల్లాల్లో కొత్త అల్లుడు తొలి సంక్రాంతికి వస్తున్నాడంటే అత్తగారు లెక్కల్లో పడుతుంది. బియ్యం ఎంత, బెల్లం ఎంత అన్న లెక్క కాదు, రకాలు ఎన్ని అన్న లెక్క. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడి ముందు 365 రకాలు పెట్టి పేపర్లకెక్కింది. ఏడాదిలో రోజుకొక రకం చొప్పున అన్నమాట. ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచీ మా వైపు ఆడపిల్లల తల్లులకు కంటిమీద కునుకు లేదు. మరి లీపు సంవత్సరం అల్లుళ్ళ సంగతేమిటని మా పక్కింటావిడ నన్ను నిజంగానే అడిగింది.

నాకు అన్ని రకాలు వండే ఓపిక లేదు. అన్ని గిన్నెలూ లేవు. ఓడిపోయానని ఒప్పుకునే గుణం అసలే లేదు. అందుకని, "ఏవండీ, మనం ఆ రకాల పోటీకి వెళ్ళొద్దు. సింపుల్‌గా, హుందాగా చేద్దాం" అన్నాను. మా ఆయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. నా నోట సింపుల్ అన్న మాట వినబడగానే లేచి వెళ్ళి, పాస్‌బుక్కు పెట్టినచోట ఉందో లేదో చూసుకొచ్చారు.

హుందాతనం కోసం ఇల్లంతా వెతికితే బీరువా మీద దొరికింది. మా అమ్మాయి పెళ్ళి శుభలేఖలు మిగిలినవి కట్టగట్టి అక్కడ పెట్టాం. శుభలేఖలు మిగలని ఇల్లు నేనింతవరకూ చూడలేదు. తీసి చూద్దును కదా, పైన వినాయకుడు. రంగు లేదు, బంగారు రేకు లేదు. తెల్ల అట్ట మీద తెల్లగా ఉబ్బి ఉన్నాడు. వేలితో తడిమితే తొండం తెలుస్తోంది, బొజ్జ తెలుస్తోంది, ఓపిగ్గా వెతుక్కుంటే ఎలుక కూడా తెలుస్తోంది. పెళ్ళి హడావుడిలో ఆయన్ని నేను సరిగ్గా చూడనే లేదు. అంత అందాన్ని ఎవరికీ చెప్పకుండా ఊరికే కూర్చున్నాడు. నేనూ అలాంటిదాన్నే అనిపించింది.

ఇలా బొమ్మను ఉబ్బెత్తుగా నొక్కే ఎంబాసింగ్ ఎలా చేస్తారో కార్డులు వేయించినప్పుడే ప్రెస్సాయన చూపించాడు. ఇత్తడి డై మీద బొమ్మ గుంటగా చెక్కి ఉంటుంది. ఎదురుగా సరిగ్గా అదే బొమ్మ బొడిపెగా ఇంకో అచ్చు. రెండింటి మధ్యా అట్ట పెట్టి మెషీను నొక్కుతుంది. కాగితంలో ఉన్న పీచు చిరిగిపోకుండా సాగి, ఆ గుంటలోకి ఒదిగి, అలాగే ఉండిపోతుంది. సిరా లేదు, రంగు లేదు, ఉన్నదల్లా ఒత్తిడే. ఒత్తిడి పెట్టడం నాకు కొత్తేమీ కాదు. కావాలంటే ఇంట్లో ఎవర్నయినా అడగండి.

మొదట ఆ శుభలేఖలే కత్తిరించి భోజనాల బల్ల మీద అలంకరిద్దామనుకున్నాను. మా అత్తగారు కత్తెర చప్పుడు విని వచ్చారు. "దేవుణ్ణి కత్తిరించి ఎంగిలి విస్తళ్ళ పక్కన పెడతావుటే?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. వినాయకుడున్న కార్డు పారేయకూడదు, చింపకూడదు, పాత పేపర్లవాడికి వెయ్యకూడదు. తెలుగువాళ్ళ బీరువాల మీద అలా ఎన్ని లక్షల మంది వినాయకులు ఉండిపోయారో! కట్ట మళ్ళీ పైకెక్కింది. నేను బజారుకెళ్ళి నూలు గుడ్డపీలికలతో చేసిన హ్యాండ్‌మేడ్ పేపరు కొనుక్కొచ్చాను. పత్తి పీచు పొడుగ్గా ఉంటుంది కాబట్టి నొక్కినా తొందరగా చిరగదు. కొట్టువాడు చెప్పిన ధర మాత్రం మా ఆయనకు ఇప్పటికీ తెలియదు.

నా ఆలోచన ఇదీ. ఒక్కో విస్తరి పక్కన సగం గాలిపటంలా ముక్కోణంగా మడిచిన కార్డు. మడత మీద మనిషి పేరు, చుట్టూ ముగ్గు. బల్ల మధ్యలో పొడుగ్గా ఒక పట్టీ, దాని మీద మామిడి తోరణం, గంగిరెద్దు, హరిదాసు. అన్నీ తెల్ల కాగితం మీద తెల్లగానే.

చేత్తో చేసే పద్ధతి చూడ్డానికి తేలిక. అడుగున అద్దం, అద్దం కింద దీపం. అద్దం మీద కత్తిరించిన నమూనా, దాని మీద కాగితం. వెలుతురులో నమూనా అంచులు కనబడుతుంటాయి. గుండ్రటి మొన ఉన్న పుల్లతో ఆ అంచుల వెంట మెల్లగా నొక్కుకుంటూ పోవాలి. తర్వాత కాగితం తిప్పి చూస్తే బొమ్మ పైకి ఉబ్బి ఉంటుంది.

మా ఇంట్లో అద్దమంటే గాజు టీపాయ్. దీపమంటే మా ఆయన సెల్‌ఫోన్ టార్చి. ఆయన నేలమీద ఫోను పెట్టి, "ఎవరైనా ఫోన్ చేస్తే ఎలాగే?" అన్నారు. చేశారు. వియ్యంకుడుగారే చేశారు. టీపాయ్ కింద ఫోను గిర్రున తిరుగుతుంటే గంగిరెద్దు కొమ్ములు నాలుగయ్యాయి. పుల్ల కోసం ముందు అయిపోయిన బాల్‌పెన్ను రీఫిల్ తీసుకున్నాను. అది అయిపోలేదని హరిదాసు నడుం దాకా వచ్చాక తెలిసింది. ఆ తర్వాత మా అత్తగారి క్రోషియా సూది వెనక కొస వాడాను. దానికి గుండ్రటి తల ఉంది, నలభై ఏళ్ళ అనుభవం కూడా ఉంది. పుల్ల జారకుండా పట్టేస్తుంటే కాగితం మీద మైనం రాస్తారని విన్నాను. మైనం ఇంట్లో లేదు, కొబ్బరినూనె ఉంది. నూనె రాసినచోట కాగితం అద్దంలా అయిపోయి నమూనా బ్రహ్మాండంగా కనబడింది. ఆ కార్డు మాత్రం ఇంక దేనికీ పనికిరాలేదు, తలకు రాసుకోవడానికి తప్ప.

నమూనాల దగ్గర నాకొక మెరుపు మెరిసింది. ధనుర్మాసం కదా, వీధి గుమ్మం దగ్గర ముగ్గు వేసే ప్లాస్టిక్ జల్లెడ పళ్ళాలున్నాయి. వాటిలో చిల్లులుంటాయి. ఒక్కో చిల్లులోకీ కాగితాన్ని సూదితో నొక్కితే ఒక్కో చుక్క లేస్తుంది. ఒక ముగ్గు పూర్తిచేసి, గర్వంగా మా అత్తగారి చేతిలో పెట్టాను. ఆవిడకు చూపు తక్కువ. వేళ్ళతో తడిమి, "ఇదేమిటే, ఆటలమ్మ పోసినట్టుంది" అన్నారు.

నేను మొహం మాడ్చుకున్నానని ఆవిడకు ఎలా తెలిసిందో, మళ్ళీ తడిమి, "ఆఁ, చుక్కల ముగ్గు కదూ! పక్క వరసలో ఒకటి వదిలేశావు" అన్నారు. నిజంగానే వదిలేశాను. అదే నేను కష్టపడి రాసిన పేరు ఇస్తే ఎంత తడిమినా ఒక్క అక్షరం పోల్చుకోలేకపోయారు. ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. 1786లో పారిస్‌లో వాలెంటిన్ అవుయ్ అంధ విద్యార్థుల కోసం మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా వేసి పుస్తకం తెచ్చాడు. వేలికి అవి అంత తొందరగా అందలేదు. ఆయన పెట్టిన బళ్ళోనే చదువుకున్న లూయీ బ్రెయిల్ 1829లో అక్షరాలు వదిలేసి చుక్కలతో లిపి తెచ్చాడు. వేలికి చుక్కే తెలుస్తుందని రెండు వందల ఏళ్ళ కిందట తేలిపోయిన విషయాన్ని నేను మా హాల్లో, పండక్కి ముందు, మళ్ళీ తేల్చాను.

పేర్ల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే పరువు పోయింది అక్కడే. నొక్కేది వెనక నుంచి. ఉబ్బేది ముందు వైపు. అంటే అక్షరాలు తిరగేసి రాయాలి. నేను తిన్నగా రాశాను. కాగితం తిప్పితే అల్లుడి పేరు కుడి నుంచి ఎడమకు నడుస్తోంది, తలకట్లన్నీ అటు తిరిగి పడుకున్నాయి. సరేనని తిరగేసి రాయడం మొదలెట్టాను. మన అక్షరాల్లో గుండ్రాలు ఎక్కువ, అందులోనూ చిన్న గుండ్రాలు. ఇరుకు మలుపులో నొక్కు ఎక్కువైతే కాగితం పుటుక్కుమని తెగుతుంది. 'శ్రీ' దగ్గర ప్రతిసారీ తెగింది. కడకు మా వియ్యంకుడుగారికి శ్రీ లేకుండానే కార్డు తయారైంది. మా అమ్మాయి చూసి, "అమ్మా, మామయ్యగారికి మర్యాద తగ్గించావా?" అంది. కాగితం పడనివ్వలేదని చెప్పాను.

బంగారు పొడి కథ క్లుప్తంగా ముగిస్తాను. ఎంబాసింగ్ పౌడరని ఒకటి అమ్ముతారు. జిగురు గీత మీద చల్లి వేడి చేస్తే కరిగి, ఉబ్బి, మెరుస్తుంది. దానికి కావలసింది వేడి. మా ఇంట్లో ఉన్నది హెయిర్ డ్రయర్. అది వేడి కొంచెం, గాలి చాలా ఇస్తుంది. ఎదురుగా కూర్చుని పేపరు చదువుకుంటున్న మా ఆయన ఆ సాయంత్రం బ్యాంకుకు వెళ్ళినప్పుడు క్యాషియరు, "ఇంట్లో పూజ జరిగిందాండీ?" అని అడిగిందట.

ఇంత జరుగుతుంటే ఆయన ఊరుకున్నారా అంటే, ఊరుకోలేదు. ఒక కార్డు పట్టుకుని ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పారు. "ఏమీ కనపడటం లేదే" అన్నారు. పక్కనుంచి వెలుతురు పడితేగానీ కనపడదని, అదే దాని గొప్పతనమని చెప్పాను. ఆయన తపాలా బిళ్ళలు పోగుచేసే మనిషి. వెంటనే అందుకున్నారు. "1852లో సింధు కమిషనరు బార్టిల్ ఫ్రేర్ 'సింద్ డాక్' అని బిళ్ళలు వేయించాడు. అంటించే తపాలా బిళ్ళలు ఆసియాలో అవే మొదలు. వాటి మీద బొమ్మ నొక్కుడే, నీ ఎంబాసింగే. మొదట ఎర్ర లక్క మీద నొక్కితే పెళుసెక్కి పగిలిపోయాయి. తర్వాత తెల్ల కాయితం మీద తెల్లగా నొక్కారు. మసక వెలుతుర్లో కనపడక చచ్చారు. అప్పుడు బుద్ధొచ్చి నీలం వేశారు. 1854లో కంపెనీవాళ్ళు దేశమంతటికీ వేరే బిళ్ళలు తెచ్చి వీటిని ఆపేశారు."

"అవి ఉత్తరాలకండీ. ఇది హుందాతనం" అన్నాను. నీలం వేసుంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

భోగి ముందురోజు పూతరేకులు తేవడానికి ఆత్రేయపురం వెళ్ళాం. అక్కడొకావిడ బోర్లించిన కుండ ముందు కూర్చుంది. కుండ కింద మంట. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఇలా పరిచి అలా లాగింది. అవతలి పక్కనున్న మనిషి కనిపించేంత పల్చటి రేకు వచ్చేసింది. మాట్లాడుతూనే చేస్తోంది, చేతివైపు చూడటం కూడా లేదు. ఆత్రేయపురం పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నా కాగితానికి ఇంట్లో కూడా గుర్తింపు రాలేదు. తిరుగు దారిలో నేనేమీ మాట్లాడకపోతే, కడుపులో తిప్పుతోందా అని మా ఆయన కారు ఆపించారు.

పండగ రోజు. అల్లుడు, వియ్యంకుడు, వియ్యపురాలు, ఇద్దరు ఆడపడుచులు. బల్లలు కలిపి అరిటాకులు వేశాం. నా పట్టీ మధ్యలో పరిచాను, ముక్కోణాలు విస్తళ్ళ పక్కన నిలబెట్టాను. రకాల పోటీకి వెళ్ళొద్దన్న నేను ఆఖరి నిమిషంలో భయపడి చేయించినవన్నీ వచ్చాయి. అరిసెలు, సున్నుండలు, బొబ్బట్లు, పులిహోర, గారెలు, పనసపొట్టు కూర, నాకే పేరు తెలియని రెండు పచ్చళ్ళు. గంగిరెద్దు మీద గుమ్మడికాయ పులుసు గిన్నె, హరిదాసు మీద నేతిగిన్నె.

ముక్కోణాలైనా మిగిలాయి కదా అనుకున్నాను. అంతలో మా అత్తగారు మర్యాదగా చెంబు తీసుకుని ప్రతి విస్తరి మీదా నీళ్ళు చిలకరించుకుంటూ వచ్చారు. చూపు తక్కువేగానీ చెయ్యి ధారాళం. ఎంబాసింగ్‌కు తడి తగిలితే లాగిపెట్టిన పీచు నీళ్ళు తాగి, మెత్తబడి, ఎప్పటి చోటికి వెళ్ళి పడుకుంటుంది. పైగా నేను కొన్నది సరైన జిగురు పట్టించని నూలు కాగితం, అది చేసేది అద్దుడు కాగితం పనే. నా కళ్ళ ముందే ముగ్గులు చదునయ్యాయి, పేర్లు పోయాయి, నిలబెట్టిన ముక్కోణాలు ఒక్కొక్కటే ఒరిగాయి.

ఇంకా కాస్త మిగిలి ఉంటుందన్న ఆశతో కిటికీల కర్టెన్లు వేసి, పక్కన టేబుల్ లాంప్ పెట్టి వెలిగించాను. "కరెంటు పోయిందా?" అన్నారు మా అత్తగారు. "అల్లుడికి చీకట్లో భోజనమేమిటే?" అని మా ఆయన కర్టెన్లు తీసేశారు. అల్లుడు మంచివాడు. ఏదో జరుగుతోందని గ్రహించి, "లాంప్ చాలా బావుందత్తయ్యా" అన్నాడు.

భోజనాలయ్యాయి. వియ్యంకుడుగారు బొబ్బట్టు నెయ్యి మీసాలకంటితే, పక్కనున్న ముక్కోణం విప్పి తుడుచుకున్నారు. ఆయన్ని చూసి ఆడపడుచులూ తీసుకున్నారు. నాకప్పుడు వెలిగింది. హోటళ్ళలో ఇచ్చే పేపర్ నాప్‌కిన్లకు అంచుల వెంట సన్న చుక్కలుంటాయి కదా, అదీ ఎంబాసింగే, మెషీన్ల మీద నిమిషానికి వందలు నొక్కిపారేస్తారు. వాళ్ళు చదునైపోగా మిగిలిన చుక్కల ఆనవాళ్ళు చూశారు, ముక్కోణం మడత చూశారు, మెత్తదనం చూశారు. అనుకోవలసిందే అనుకున్నారు.

వియ్యపురాలు తనది విప్పి, వెలుతురుకు పట్టి చూసింది. నా గుండె ఆగింది. "వదినగారూ, ఈ టిష్యూలు ఎంత బాగా పీలుస్తున్నాయండీ! మా హైదరాబాద్‌లో ఇలాంటివి దొరకవు. ఎక్కడ కొన్నారు?" అంది.

నిజం చెప్పేస్తే సరిపోయేది. కానీ ఆవిడ చేతిలో ఉన్నదాని నిండా నెయ్యి ఉంది. "ఇక్కడే, మెయిన్ రోడ్డులో" అన్నాను.

"వచ్చే నెల మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. రెండు ప్యాకెట్లు పంపించండి. ప్యాకెట్‌కు ఎన్నుంటాయి?"

యాభై అన్నాను. మా ఆయన అప్పటికే ఫోను టార్చి వేసి టీపాయ్ కింద పెడుతున్నారు.