ఓడిన జట్టు బంతిని

నేను తిరుత్తణిలో ఒక కాలేజీ జట్టు ఫుట్‌బాల్‌ని. పుట్టింది జలంధర్‌లో. ఆరు పలకలవి 20, ఐదు పలకలవి 12, మొత్తం 32 ముక్కలను చేత్తో కుట్టి నన్ను బంతిని చేశారు. నా పుట్టుక గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు. చెప్పవలసింది మేం ఓడిన ఆ ఏడాది గురించే.

పాత పి.డి. సారు రిటైరయ్యాక కొత్త కోచ్ వచ్చారు. అంతవరకు మా పిల్లలకు తెలిసిన ఆట ఒక్కటే: నన్ను బలంకొద్దీ తన్ని వెంట పరుగెత్తడం. ఈ కొత్త సారు అది మాన్పించారు. నేల మీదే నన్ను ఒకరికొకరు అందించుకోమన్నారు. కుడికాలి వాటం వాళ్లను ఎడమకాలితో కొట్టమన్నారు. అలవాటు లేని కాళ్లు తడబడ్డాయి. తిరువళ్ళూరులో మ్యాచ్ పోయింది. ఆ తర్వాతవీ పోయాయి. తిరుగు బస్సులో తమిళంలో మొదలైన తిట్లు ఊరు దగ్గరపడేకొద్దీ తెలుగులోకి దిగేవి. అన్నీ సారుకే.

సాయంత్రం మైదానానికి వచ్చేవాళ్లు నానాటికీ తగ్గిపోయారు. సారు ఒక్కరే ముందుగా వచ్చి, సూదికి నూనె రాసి, నా వాల్వులోకి మెల్లగా తిప్పుతూ దించి గాలి కొట్టేవారు.

ఒకరోజు ఓడి కూర్చున్న పిల్లలకు ఆయన రహీం గారి సంగతి చెప్పారు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన మనిషి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామందికి కాళ్లకు బూట్లే లేవు. అయినా జట్టు ఆయన చేతిలోనే ఉంది. 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం వచ్చింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు.

మా సారుకు రెండో ఏడు దక్కలేదు. ఆయన వెళ్లాక ఎవరో పొడి సూదినే నాలో గుచ్చారు. వాల్వు చిరిగింది. గాలి నిలవని నామీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు, నా గుండ్రం పోయింది. కంకరలో ఈడ్చితే కుట్లు విడిపోయాయి. చివరికి స్టోర్‌రూమ్‌లో కుర్చీల వెనక్కి తోసేశారు. తిరుత్తణి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టిన ఊరు కదా, సెప్టెంబర్ 5 వస్తే గురువుల సభ కోసం ఆ కుర్చీలు బయటికి తీస్తారు. తలుపు బార్లా తెరిచి ఉన్నంతసేపూ ఎవరైనా చూస్తారేమోనని ఎదురుచూస్తాను. సభ అయిపోతుంది, కుర్చీలు మళ్లీ నామీదికి చేరతాయి. ఒక గురువును ఏడాదికే సాగనంపిన సంగతి ఆ సభలో ఎవరికీ గుర్తు రాదు.

కొత్త బ్లాడర్ వేసి, విడిన కుట్లు బిగిస్తే నేనింకా ఆటకు పనికొస్తాను. నా సంగతి తర్వాత చూడొచ్చు, ముందు ఆ సారును మళ్లీ పిలిపించండి.