చెవిలో పూలు, రేడియేషన్ లేనివి

రూపాయి బిళ్లంత స్టిక్కర్. బంగారు రంగు, మధ్యలో ఏదో చక్రం బొమ్మ. ఫోన్‌కో ఇయర్‌ఫోన్‌కో అంటిస్తే రేడియేషన్ మొత్తం పీల్చేసుకుంటుందట. షాపతను అట్ట మీంచి ఒలిచిస్తూ "బ్రెయిన్ సేఫ్ సార్" అంటాడు. నిజమే, వాడని వస్తువు ఎప్పుడూ సేఫే.

మా బాబాయ్ ఒకటి కొన్నాడు. అదీ చాలదనిపించి బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌ని బీరువాలో పడేసి, ఇప్పుడు ఫోన్‌నే చెవికి అదిమిపెట్టుకుని గంటలకొద్దీ మాట్లాడుతున్నాడు. ఇయర్‌బడ్స్ వదిలే తరంగాల శక్తి మామూలుగా 10 మిల్లీవాట్లు దాటదు. సిగ్నల్ అందనప్పుడు 4జీ ఫోన్ 200 దాకా పోతుంది. అంటే పెనం మీంచి పొయ్యిలో పడ్డాడు. ఆ పొయ్యీ వెలిగించింది కాదు గనక బతికిపోయాడు. ఈ తరంగాలకి డీఎన్‌ఏ బంధాలు తెంచే సత్తువ లేదు. మహా అయితే కాస్త వేడెక్కిస్తాయి, 10 మిల్లీవాట్లతో అదీ అయ్యే పని కాదు. పైగా స్టిక్కర్ నిజంగానే సిగ్నల్‌కి అడ్డుపడితే, టవర్‌ని అందుకోవడానికి ఫోన్ ఇంకా గట్టిగా కేకేస్తుంది. కాబట్టి ఏ పనీ చేయని స్టిక్కరే మేలైన స్టిక్కర్. ఆ లెక్కన మన మార్కెట్లో నాణ్యతకి కొదవలేదు.

"2011లో డబ్ల్యూహెచ్‌ఓ వాళ్లే చెప్పారుగా" అంటాడు బాబాయ్. చెప్పింది ఆ సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం. రేడియో తరంగాలని "కారకం కావచ్చునేమో" అనే 2బి జాబితాలో వేసింది. అందులో ఆసియా సంప్రదాయ ఊరగాయలూ ఉన్నాయి (చైనా, కొరియా వైపువి. మన ఆవకాయ జాడీ జోలికి ఎవరూ రాలేదు, కంగారుపడకండి). కలబందని తొక్కతో సహా పిండిన సారం కూడా ఆ జాబితాలోదే. పొద్దున్నే పార్కు గేటు దగ్గర బాబాయ్ కలబంద రసం గ్లాసుడు తాగుతాడు. ఆ గ్లాసుకి స్టిక్కర్ లేదు.

2020 అక్టోబరులో రాష్ట్రీయ కామధేను ఆయోగ్ అధ్యక్షుడు ఆవుపేడ చిప్ చూపించి, ఇది ఫోన్ రేడియేషన్ తగ్గిస్తుందన్నారు. ఆధారాలేవని వందల మంది శాస్త్రవేత్తలు అడిగారు. పోనీలెండి, పేడ ఎవరికీ హాని చేయలేదు. నెదర్లాండ్స్ వాళ్లకి ఆ అదృష్టమూ లేదు. 5జీ నుంచి కాపాడతాయంటూ అమ్మిన లాకెట్ల లాంటి 10 వస్తువుల్లోనే అసలు సిసలు రేడియోధార్మికత ఉందని 2021 డిసెంబరులో అక్కడి అణు భద్రతా సంస్థ బయటపెట్టింది. జనం డబ్బిచ్చి మరీ మెళ్లో వేసుకున్నారు.

నిజానికి చెవికి ముప్పు తెచ్చేది తరంగాలు కాదు, మోత. వారానికి 40 గంటలు వినేవాళ్లు 80 డెసిబెల్స్ దాటొద్దని అదే డబ్ల్యూహెచ్‌ఓ అంటోంది. 100 కోట్లకి పైగా యువతకి వినికిడి ముప్పుందనీ చెబుతోంది. ఈ మాట మాత్రం బాబాయ్ ఎప్పుడూ ఎత్తడు. వాల్యూమ్ బటన్ ఫోన్ పక్కనే ఉంది, ఉచితం, బంగారు రంగూ లేదు. ఇక గిరాకీ ఎక్కణ్ణుంచి వస్తుంది?

మొన్న పెళ్లి బరాత్‌లో బాబాయ్ డీజే బాక్సులకి ఆనుకునే నిలబడ్డాడు. గుండెలదిరే ఆ మోతలో నా జేబు చూపించి ఏదో అరుస్తున్నాడు. రెండు మూడుసార్లు అరిస్తే గానీ నాకు వినపడలేదు: "ఫోన్ అక్కడ పెట్టుకోకురా, రేడియేషన్!"